అన్న పేరున పెరిగిన జుట్టు

మా అమ్మాయి మద్రాసులో ఏదో సబ్బుల కంపెనీ ప్రకటనల్లో ఫోటోలకు నిలబడే ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్ళబోతూ, మొన్న ఆదివారం మా వసారాలో స్టూలు వేసుకొని కూర్చుని, నడుము దాకా ఉన్న జుట్టును స్నేహితురాలి చేత భుజాల దాకా కత్తిరించుకుంది. ఆ ఉద్యోగాన్నిప్పుడు మోడలింగ్ అంటారట. వాళ్ళమ్మ నిరసనగా మూడు పూటలు అన్నం మానేసి, ఆ మూడు పూటలూ దోసెలతో సరిపెట్టుకుంది. నేను నేలమీద పడిన జుట్టు వంక కన్నార్పకుండా చూస్తుంటే అమ్మాయి నవ్వి, ఇంటర్వ్యూలంటే నీకేం తెలుసులే నాయనా అంది. ఏం చెప్పను? బోర్లించిన ఇత్తడి చెంబులాంటి ఈ తల పెట్టుకొని, నేనూ ఆ వయసులో జుట్టు చూపించే ఉద్యోగానికే ఇంటర్వ్యూకు వెళ్ళానంటే నమ్ముతుందా? నా ఈడువాళ్ళు, మీరైతే నమ్ముతారు. యుద్ధం రోజులు మీరూ చూసినవాళ్ళే కదా.

అప్పుడు మేము తిరుపతిలో ఉండేవాళ్ళం. నాయన యాత్రికుల సత్రంలో గుమాస్తా. అన్న ఉద్యోగం కోసం తిరగని గడప లేదు. చివరికి ఒకనాడు ఎవరితోనూ చెప్పకుండా పోయి పటాలంలో పేరు రాయించుకున్నాడు. వాణ్ణి బర్మా వైపు పంపారని తెలిసిన రోజు అమ్మ కొండవైపు తిరిగి దండం పెట్టుకొని, పెద్దవాడు క్షేమంగా తిరిగివస్తే కొడుకులిద్దరి జుట్టూ స్వామికి సమర్పిస్తానని మొక్కుకుంది. పెద్దవాడి తల పటాలంవాళ్ళు ఎటూ గొరిగేసి ఉంటారు కాబట్టి వాడి వంతు కూడా నేనే పెంచాలని తీర్మానించింది. ఆనాటితో నా తలకు కత్తి తగలడం ఆగిపోయింది. గడ్డానికి మినహాయింపు ఇచ్చింది గనుక సరిపోయింది గాని, లేకుంటే కొండకు వచ్చే యాత్రికులు కిందనే నా కాళ్ళమీద పడి, దర్శనం అయిపోయిందనుకొని రైలెక్కి వెళ్ళిపోయేవాళ్ళు.

రెండు వంతులు ఒకే తలమీద పడినందువల్లనో ఏమో, ఆ జుట్టు పెరిగిన తీరు ఇంతా అంతా కాదు. ఎటు చూసినా గుండ్లే కనిపించే తిరుపతిలో, ఊరందరి జుట్టూ నాకే అప్పజెప్పి పోయినట్టుండేది. సత్రం మిద్దెమీద ఆరబెట్టుకుంటే కాకులు పొద్దు గూకిందని గూళ్ళకు మళ్ళేవి. నేను తలంటుకున్న వారం బజారులో శీకాయ దొరకడం లేదని పక్కవీధి ఆడవాళ్ళు నన్ను శపించేవాళ్ళు.

మొదట్లో అన్న దగ్గరనుంచి ఉత్తరాలు వచ్చేవి. తర్వాత ఆగిపోయాయి. ఆగిపోయిన దగ్గరనుంచి నా తల దువ్వే పని అమ్మ తనే తీసుకుంది. దువ్వెనలో చిక్కిన వెంట్రుకలను పారేసేది కాదు. చిన్న చుట్టగా చుట్టి దేవుడి గూట్లో పెట్టేది. రెండు వెంట్రుకలు ఎక్కువ రాలిన రోజు ఆమెకు ముద్ద దిగేది కాదు. నేను ఎగతాళి చేసేవాణ్ణి గాని, నిజానికి నాకూ భయం పట్టుకుంది. వాకిలి దాటేటప్పుడు తల వంచి, ఒక్క పాయ కూడా గడియకు తగులుకోకుండా నడిచేవాణ్ణి.

ఇంకో భయం కూడా అమ్మను తినేస్తూ ఉండేది. నేనూ అన్నలాగే ఖాళీగా తిరుగుతున్నాను. పటాలంలోకి మనుషులను చేర్చుకునేవాళ్ళు ఊళ్ళోకి వచ్చారని తెలిస్తే చాలు, అమ్మ నా చొక్కాలు దాచిపెట్టేది.

అటువంటి రోజుల్లో చిత్తూరు తలనూనె కంపెనీ ఏజెంటు ఒకాయన సత్రంలో దిగాడు. మిద్దెమీద వెనకనుంచి నన్ను చూసి, ఎవరో ఇల్లాలనుకొని కళ్ళు మూసుకొని మెట్లు దిగబోయి, ఒక మెట్టు తప్పి, కిందిదాకా కూర్చున్న భంగిమలోనే ప్రయాణం చేశాడు. నేను పరుగున వెళ్ళి లేపితే, నా మీసాలు చూసి మరింత హడలిపోయాడు. తర్వాత తేరుకొని సంగతి చెప్పాడు. సీసామీది చీటీకి వెనకనుంచి జడ కనిపించే బొమ్మ కావాలి. సంసారుల ఇళ్ళలోని ఆడవాళ్ళు బొమ్మకు కూర్చోరు. నాటకాలలో ఆడవేషాలు కట్టేవాళ్ళవి సవరాలు. యజమానేమో అసలైన జుట్టే కావాలంటున్నాడు. కుదిరితే బొమ్మ వేయించుకోవడంతో పోదు, నూనె బండితో జాతరలకు తిరుగుతూ జుట్టు చూపించే పక్కా ఉద్యోగం, నెలజీతం. శుక్రవారం చిత్తూరుకు ఇంటర్వ్యూకు రమ్మన్నాడు.

నాయన ససేమిరా అన్నాడు.

"దేవునికని పెట్టిన సొమ్ము. దాన్ని తీసుకపోయి బజార్లో సూపిస్తారా?"

"సూపిస్తే అరిగిపోతాదా?" అంది అమ్మ. "ఉద్యోగం ల్యాకనే కదా పెద్దోడు పాయ. వీడు గూడా రైలెక్కితే నీకు సమ్మతమేనా?"

నాయన లేచిపోయి, శుక్రవారం రైలు ఎన్నింటికో కనుక్కొని వచ్చాడు.

నన్ను తయారు చేయడానికి ఐరాలనుంచి మేనత్త దిగింది, మూట నిండా మందారాకు, ఆముదం, అంతకు పదింతల వేళాకోళం మోసుకొని. ఇంటర్వ్యూలో చూసేది నా ముఖం కాదు, వీపు. అందుకని రోజూ నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టి సాధన చేయించింది.

"ఒరే, కుస్తీకి పోయేవోని మాదిరి ఆ బుజాలేందిరా? దించు. తల రవంత వంచు. సూడు వదినా, ఇప్పుడెట్లుండాడో! వీపు నవ్వాలరా, వీపు!"

వీపుతో నవ్వడం ఎలాగో నాకు ఈ నాటికీ తెలియదు. ఎదురింటి అవ్వ గడపలో నిలబడి, పెండ్లిచూపులు ఎప్పుడని అడిగేది. అత్త నవ్వేది, నేనూ నవ్వేవాణ్ణి. అమ్మ మాత్రం నా వెనక కూర్చుని చిక్కు తీస్తూ ఒక్కసారి కూడా నవ్వలేదు.

శుక్రవారం అమ్మ నా వెంట వచ్చింది. దిష్టి తగలకుండా నా తలకు తువ్వాలు చుట్టింది. పాకాల మీదుగా పోయే ఆ రైలు ఎంత నిదానమంటే, కిటికీలోంచి కనిపించిన మేకపిల్ల మేము చిత్తూరు చేరేసరికి పెరిగి పెద్దదై ఉండాలి.

కంపెనీ యజమాని తలమీద ఒక్క వెంట్రుక లేదు. ఆయన పక్కన బొమ్మలు వేసే ఆయన. నన్ను గోడకు ముఖం పెట్టి కూర్చోమన్నారు. అమ్మ వాకిలి దగ్గర నిలబడింది. ఎదురుగా గోడమీద బల్లి ఒకటి ఉంటే, అడిగిన ప్రశ్నలన్నిటికీ దానికే వినయంగా జవాబులు చెప్పాను. తువ్వాలు విప్పగానే వెనక కుర్చీలు జరిగిన చప్పుడైంది. బొమ్మలాయన జడను చేతిలోకి తీసుకొని తూచినట్టు చూసి, ఇటువంటిది తన జన్మలో చూడలేదన్నాడు. నా వీపు ఆ క్షణాన నవ్వే ఉంటుంది.

"ఒగటే లోపం," అన్నాడు యజమాని. "కొసలు ఎగుడుదిగుడుగా ఉండాయి. నాలుగు వేళ్ళంత సమంగా కత్తిరిస్తే సాలు. ఉద్యోగం నీదే అబ్బా. రేయ్, కత్తెర ఎత్తుకురా."

కత్తెర వచ్చిన చప్పుడు, అది ఒకసారి తెరుచుకొని మూసుకున్న చప్పుడు విన్నాను. బల్లి కదలలేదు. నేనూ కదలలేదు. ఇది మొక్కు జుట్టు, కత్తి తగలకూడదని చెప్పవలసింది అమ్మ. ఆమె చెబుతుందని ఎదురుచూశాను. చాలాసేపటికి నా వెనకనుంచి ఆమె గొంతు వినిపించింది.

"కత్తిరించుకోండప్పా."

ఆ తర్వాత ఎవరికీ కానట్టు, తనలో తను అంది:

"వాడు యాడుండాడో నాకు తెలీదు. వీడు ఈడుండాడు."

ఆమె ముఖం నాకు కనిపించలేదు. కనిపించి ఉంటే ఏం చేసేవాణ్ణో తెలియదు. లేచి నిలబడి, బొమ్మలాయన చేతిలోంచి జడ తీసుకొని ముడి వేసుకున్నాను. బల్లికి నమస్కారం పెట్టి బయటికి వచ్చేశాను.

తిరుగు రైల్లో అమ్మ నన్ను తిట్టిన తిట్లకు పెట్టెలో ఉన్నవాళ్ళందరూ ఎవరి బిడ్డలను వాళ్ళు దగ్గరికి తీసుకున్నారు. "పిచ్చోడా, సేతికొచ్చిన ఉద్యోగం తన్నుకోనొచ్చినావే! రేపు నువ్వు గూడా పోతే నేనెట్లరా బతికేది?" అని ఏడ్చింది. నోరు అట్లా తిడుతూనే ఉంది గాని, ఆమె కుడిచెయ్యి మాత్రం చిత్తూరులో పట్టుకున్న నా జుట్టుముడిని తిరుపతి వచ్చిందాకా వదలలేదు.

నేను రైలెక్కవలసిన అవసరం రాకుండానే యుద్ధం అయిపోయింది. నాయన చెప్పి, సత్రంలోనే నాకూ ఏదో పని ఇప్పించాడు. అన్న ఆచూకీ తెలియడం లేదని ఒక సర్కారు కాగితం వచ్చింది. నాయన దాన్ని చదివి మడిచి, ఇంక జుట్టు కొండకు ఇచ్చేద్దామన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. "తెలీలేదని కదా రాసినారు, లేడని రాయలేదే" అంది. మొక్కింది వాడు తిరిగివస్తే ఇస్తానని. రాకముందే ఇస్తే, రాడని తనే ఒప్పుకున్నట్టు. అందుకని నేను పెంచుతూనే పోయాను. అమ్మ దువ్వుతూనే పోయింది. నా ఈడువాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకొని పిల్లలను ఎత్తుకొని తిరుగుతుంటే, నేను జుట్టుముడితో సత్రం తాళాలు ఆడించుకుంటూ తిరిగాను.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు అమ్మ పోయింది. తల్లికి తల కొరివి పెట్టవలసినవాడు చిన్న కొడుకు, అందుకు తల గొరిగించుకోక తప్పదు. పెద్దవాడు లేడు. వాడు లేడని మేము ఒప్పుకున్నది ఆ రోజే. స్వర్ణముఖి ఒడ్డున మంగలి నా వెనక కూర్చుని, ముడి విప్పి, ఎత్తిన కత్తిని మళ్ళీ దించాడు. కానీవయ్యా అన్నాను. కొండమీద పడవలసిన జుట్టు ఏటి ఇసుకలో పడింది. ఆ తర్వాత కూడా నా తలమీద జుట్టు మొలిచింది గాని, మనసు పెట్టి మొలవలేదు.

అమ్మాయి అద్దంలో చూసుకొని, తల విదిలించి, ఎంత తేలిగ్గా ఉందో నాయనా అంది. నిజమే. దాని జుట్టు దానిదే. కొసకు ఎవరి ప్రాణమూ ముడివేసి లేదు. ఇంటర్వ్యూలో దాని ముఖమే చూస్తారట. చూడనీ, ఆ తేలిక చూసైనా ఉద్యోగం ఇస్తారు. వాళ్ళమ్మ చీపురు తెచ్చి వసారా ఊడ్చేస్తుంటే, నా కాలి దగ్గర మిగిలిన ఒక పాయను తీసి, తెలియకుండానే వేలికి చుట్టగా చుట్టాను. చుట్టి, దాన్ని పట్టుకొని ఇల్లంతా తిరిగాను. ఇప్పటి ఇళ్ళకు గోడల్లో దేవుడి గూళ్ళు కట్టడం లేదు.