పుస్తకంలో వేలు

అలియాబాద్ భజన మండలిలో పురాణ పద్యం నేను చదివితే, తాత్పర్యం మా వదిన చెప్పేది. పుస్తకంలో వేలుంచి మూసి, "అంటే ఏందంటే..." అని మొదలుపెడితే అందరూ ముందుకు జరిగేవారు.

ఆ కథలే ఆవిడ తన బ్లాగులోనూ రాసేది; అక్కడి భాష మాత్రం గ్రాంథికం. పేజీ పైన, పట్టుచీరలో స్టూడియోలో దిగిన ఫొటో.

"ఎవలు సదువుతలేరు. ఇగ బంద్ జేస్త," అంది ఒకరోజు.

మండలిలోని పెద్దవ్వ ఆ రాత నాతో చదివించుకుని, "గిది ఎవలు రాసిన్రే? మనకు కథ జెప్పే బిడ్డ గాదు గీమె," అంది. పక్కనే ఉన్న వదిన తన రాతను మళ్లీ మొదటి నుంచి చదువుకుంది.

మరుసటి వారం, మొసలికి చిక్కిన ఏనుగు కథ బ్లాగులో "అంటే ఏందంటే" అని మొదలైంది. ఫొటోలో మూసిన పుస్తకం, మధ్యలో పసుపంటిన వేలు. కింద గండిమైసమ్మ చౌరస్తా నుంచి ఎవరో రాశారు: "అక్కా, ఇంకోటి జెప్పు."

ఆ ఏనుగు కూడా సొంత గొంతుతోనే మొరపెట్టుకుంది. స్వామి విన్నాడు.