కుండీలో కల్లుప్పు

అక్క పోయాక చీరాల దగ్గర సముద్రపు ఒడ్డునున్న ఆవిడ ఇల్లు అమ్మేశారు. ఆ వాకిట్లో ఇసుక మీద పాకే తీగ నుంచి ఒక ముక్క తెంపి, తడిగుడ్డలో చుట్టి నాచారంలో నేనుండే పై వాటాకి తెచ్చుకున్నాను. మేక గిట్టల్లాంటి ఆకులు, పొద్దున్నే విచ్చుకునే ఊదా పూలు. అక్కడ దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఎండకీ ఉప్పుగాలికీ ఓర్చుకుని ఏళ్ల తరబడి పూస్తూనే ఉంటుంది. నా దగ్గర అక్క గుర్తు ఇంకోటి లేదు. అది ఒక్కసారి పూస్తే చాలనుకున్నాను.

పూయలేదు. బాల్కనీ కుండీలో పశువుల ఎరువు వేశాను, నల్లా వచ్చిన ప్రతిసారీ ముందు దానికే పోశాను. ఆకులు మాత్రం ఏపుగా పెరిగి కిందికి వేలాడాయి. కింది వాటాలో సూర్యాపేట నుంచి వచ్చినావిడ ఉంటుంది, మల్లాపూర్‌లో ప్యాకింగ్ పనికి పోతుంది. "ఏందక్కా, గీ తీగ నా బట్టల మీద పడ్తున్నది, జర పైకి గుంజుకోరాదు?" అని అరిచింది. నేను వినిపించుకోలేదు. ఆవిడే కొసలు కోసి పారేసింది. ఆనాటి నుంచి మెట్ల మీద ఎదురైనా మొహం తిప్పుకునేదాన్ని. అసలే పలకరించే మనిషి లేదు, ఉన్న ఒక్కరితోనూ తగువు పెట్టుకున్నాను. నా తెలివి అలాంటిది.

ఒక సాయంత్రం, అక్క ఉన్నప్పుడు రోజూ ఫోన్ చేసే వేళకి, ఇంట్లో ఉండలేకపోయాను. తీగకీ సముద్రం మీద బెంగేమో అనిపించింది. నీళ్లలో గుప్పెడు కల్లుప్పు కలిపి పోశాను. మర్నాడూ పోశాను. ఒడ్డున అయితే వానకి ఉప్పు ఇసుకలోకి దిగిపోతుంది, కుండీలో ఎక్కడికి పోతుంది? ఆకులు మాడాయి, కాడ నల్లబడింది. ఆదివారం పొద్దున దాని ముందు కూర్చుని బావురుమన్నాను.

ఏడుపు విని ఆవిడే పైకొచ్చి, కుండీ మట్టి మీద తెల్లగా పేరుకున్న ఉప్పు చూసింది. "ఉప్పు పోసినవా? పిచ్చి గిట్ల లేసిందా నీకు?" అంటూ చెయ్యి పట్టుకుని పక్క ప్లాటుకి లాక్కుపోయింది. అక్కడ ఇల్లు మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. తను పారేసిన కొసలు ఇసుక కుప్ప మీద వేళ్లూనుకుని అంతటా పాకాయి. నీళ్లు పోసే దిక్కు లేదు, పైన నీడ లేదు. కుప్ప నిండా ఊదా పూలు.

అచ్చం అక్క వాకిలే.

"తవ్వి ఇయ్యనా అక్కా? ఇంటికి పట్కపోతవా?"

"వద్దమ్మా," అన్నాను. "మా ఇంట్లో ఒక్కదానికి ఏమీ తోచదు."