శుక్రవారం రండి

కువైట్‌లోని హవల్లీలో నాకు జాకెట్లు కుట్టే చిన్న షాపు ఉండేది. శుక్రవారాల్లో అక్కడికొచ్చి కొలతలు తీసి, మగ్గం పని చేసే అక్క, మిగతా రోజులు మిష్రిఫ్‌లో ఒక ఇంట్లో వంటమనిషి. మా ఇద్దరిదీ రాజంపేట వైపే. మా ఊరికీ ఆమె ఊరికీ ఆటోలో అరగంట. వచ్చినవాళ్లంతా ఆమెనే అడిగేవాళ్లు, నన్ను కాదు. కొంచెం కుళ్లుకునేదాన్ని కూడా. అయినా షాపు ఆన్‌లైన్ పేజీలో ఎప్పుడూ ఆమె ఫొటోలే పెట్టేదాన్ని.

ఆ ఏడాది నెల సెలవు మీద ఊరికి బయల్దేరేముందు, రోజూ సాయంత్రం ఒక ఫొటో దానంతటదే పడేలా అన్నీ సర్దిపెట్టాను. ప్రతిదాని కింద “ఈ రోజు అక్క చేతి పని” అని రాశాను. ఎవరు మెసేజ్ పెట్టినా వెంటనే వెళ్లే జవాబు కూడా రాసిపెట్టాను: “అక్క షాపులోనే ఉంది. శుక్రవారం రండి.” నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఊరొచ్చిన తొమ్మిదో రోజు మిష్రిఫ్ నుంచి మామా, అంటే అక్క పనిచేసే ఇంటి యజమానురాలు, ఫోన్ చేసింది. అక్క వంటింట్లో కుప్పకూలిందట. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయిందట. “ఖలాస్” అని ఆమె కూడా ఏడ్చింది. ఆ కబురు అక్క కూతురికి నేనే మోసుకెళ్లాను. డిగ్రీ చదివే పిల్ల, ఇంకెవరూ లేరు. నేను చెప్పిందంతా విని, ఏడవకుండా లోపలికెళ్లి తలుపేసుకుంది.

మరుసటి సాయంత్రం నా ఫోన్‌లో అక్క నవ్వుతూ కనిపించింది. ఎర్ర జాకెట్టు ఎత్తి పట్టుకుని ఉంది. ఈ రోజు అక్క చేతి పని. నేను సర్దిపెట్టి వచ్చిన ఫొటోనే. తీసేద్దామంటే వేలు ఆడలేదు. మనిషిని నా చేత్తో తుడిచేస్తున్నట్టు భయం వేసింది. రోజూ ఒక కొత్త ఫొటో పడుతూనే ఉంది, కింద ఎవరెవరో బాగుందని రాస్తూనే ఉన్నారు.

అక్క శవం ఉన్న పెట్టె చెన్నైకి వస్తోందని తెలిసిన రోజు, సంతకం పెట్టి తీసుకోవాల్సిన కూతురు కదలనంది. నేను వెళ్లేసరికి ఫోన్ నా ముందుంచింది.

“మాయమ్మ షాపులోనే ఉండాది చిన్నమ్మా. అడిగితే జవాబిచ్చింది. ఆ వచ్చేది ఎవురో.”

ఆ జవాబు నేను రాసిందని చెప్పాను. నమ్మలేదు.

“అయితే ఇంకేమన్నా అడుగు,” అన్నాను.

“అమ్మా, నేను. ఆడికి వచ్చేదా?” అని టైపు చేసింది. రెప్పపాటులో జవాబొచ్చింది. అక్క షాపులోనే ఉంది. శుక్రవారం రండి.

ఆ పిల్ల దాన్ని మళ్లీ మళ్లీ చదువుకుంది.

“ఆ దేశం మొగం నువ్వు మాత్రం చూడొద్దనేది,” అంది. “మాయమ్మ అయితే నన్ను రమ్మనదు.”

ఫోన్ మంచం మీద పెట్టి లేచింది.

“చెన్నైకి బండి ఎన్నింటికి చిన్నమ్మా?”