అద్దాలు దించి విన్న చప్పుడు

అది 2023 వానాకాలం. నానక్‌రామ్‌గూడలో ఆఫీసు టవర్ల వెనక సందులో నా కార్ల షెడ్డు. అప్పటికి ఆ పనిలో పందొమ్మిదేళ్లు. చప్పుడు విని బండి రోగం చెప్పేస్తానని నాకు పేరు. ఆ పేరు చూసుకుని కాస్త పొగరు కూడా ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఒక సోమవారం పొద్దున సుజాత గారు కారు తెచ్చారు. కాకినాడ వైపు మనిషి. చందానగర్‌లో ఇల్లు, మా సందుకు ఎదురుగా ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. రోజూ ఆరేళ్ల కూతురు మేఘనను గచ్చిబౌలిలో బడి దగ్గర దింపి ఆఫీసుకు వస్తారు.

“ఎక్సలరేటర్ నొక్కితే టిక్ టిక్ మంటోందండీ. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మరీను. కాలు తీస్తే ఉండదు,” అన్నారు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. చప్పుడు వెతకాలంటే ఏసీ, పాటలు ఆపేసి, నాలుగు అద్దాలూ దించి, ఏదైనా గోడ పక్కగా నడుపుతాం. చప్పుడు గోడకు తగిలి తిరిగొస్తుంది, ఏ వైపు నుంచో తెలిసిపోతుంది. నేనూ అలాగే ఒక రౌండు కొట్టాను. సందు చివరికి వెళ్లేలోపే పట్టేశాను. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గాస్కెట్. ఇంజిన్‌లో కాలిన పొగను సైలెన్సర్ వైపు పంపే ఇనుప గొట్టాల సెట్టును మానిఫోల్డ్ అంటాం. అది ఇంజిన్‌కు అతుక్కునే చోట పొగ బయటికి రాకుండా ఉండే పల్చటి పట్టీ గాస్కెట్. అది కాలిపోతే, ఎక్సలరేటర్ నొక్కినప్పుడల్లా పొగ ఆ సందులోంచి తన్నుకొస్తూ టిక్ టిక్ మంటుంది. బానెట్ ఎత్తి చూస్తే మసి కూడా కనిపించింది. నేననుకున్నదే నిజమైందని మురిసిపోయాను. ఆ మసి ఎటు పాకిందో మాత్రం చూడలేదు.

“గాస్కెట్ పోయింది మేడమ్. తెప్పియ్యాలె. శనివారం వస్తది,” అన్నాను.

“అప్పటిదాకా నడపొచ్చాండీ? పాపను దింపాలి కదా.”

“జర చప్పుడు చేస్తది, గంతే. బండి ఆగదు. ఫికర్ ఏం లేదు.”

ఆమె పాప గురించి అడిగారు. నేను బండి గురించి జవాబు చెప్పాను.

ఆ వారమంతా వాన. శనివారం సుజాత గారు వచ్చేసరికి వెనక సీట్లో మేఘన నిద్రపోతోంది. తలుపు తీసి లేపితే తూలుతూ దిగి, షెడ్డు గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. నేను నీళ్లు ఇచ్చాను.

“కారెక్కితే నిద్ర, దిగితే తలనొప్పి. బడి ఎగ్గొట్టడానికి నాటకాలండీ. కళ్ల డాక్టరుకి కూడా చూపించాను, అంతా బాగుందన్నారు,” అన్నారు సుజాత గారు. ఆమె కూడా కణతలు నొక్కుకుంటూనే ఉన్నారు. ఆఫీసులో కంప్యూటర్ వల్ల అనుకుంటున్నారట.

నేను పాప ముందు కూర్చున్నాను. “బిడ్డా, ఇంటికాడ ఉన్నప్పుడు వస్తదా నొప్పి?”

“ఆదివారం రాదు అంకుల్.”

“ఆదివారం బడి ఉండదుగా, అందుకే రాదు,” అన్నారు వాళ్లమ్మ.

“ఇయ్యాల రెండో శనివారం మేడమ్. ఇయ్యాల గూడ బడి లేదు గద,” అన్నాను. అంటూనే నాకు విషయం తట్టింది.

ఆదివారం లేనిది బడి ఒక్కటే కాదు, కారు ప్రయాణం కూడా. గబగబా బానెట్ ఎత్తాను. మసి ఇంజిన్ వెనక వైపు పాకి, ముందు అద్దం కింద జాలీ దాకా వెళ్లింది. చప్పుడు రాకముందు నుంచే పొగ సన్నగా కారుతోందన్నమాట. కారు లోపలికి బయటి గాలి వచ్చేది ఆ జాలీలోంచే. దానికి అడ్డంగా ఉండాల్సిన రబ్బరు పట్టీ ఎప్పుడో చిరిగిపోయింది. లోపల డ్యాష్‌బోర్డు మీద సెంటు సీసా. “ఏదో వాసనొస్తోంటే వాన తడేమో అనుకుని కొన్నానండీ,” అన్నారామె. పొగలో ఉండే విషపు గాలి, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే ఉండదు. మిగతా పొగకున్న కాస్త వాసననూ ఆ సీసా కప్పేసింది. నేను అద్దాలు దించి నడిపాను. వాళ్లు వానకు అద్దాలు ఎత్తుకుని, ట్రాఫిక్‌లో గంటసేపు ఆ గాలే పీల్చారు.

“మేడమ్, కారు ఇడ్సిపెట్టుండ్రి. ముందు ఇద్దరూ దవాఖానకు నడవుండ్రి,” అని ఆటో ఆపి, నేనూ ఎక్కాను. అక్కడ తల్లీబిడ్డలకు ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి పాప లేచి కూర్చుంది. ఇంకొన్నాళ్లు ఇలాగే తిరిగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేమని డాక్టరు అన్నప్పుడు, నేను తల ఎత్తలేకపోయాను.

మంగళవారం కారు తీసుకెళ్లడానికి ఇద్దరూ వచ్చారు. గాస్కెట్, రబ్బరు పట్టీ రెండూ మార్చాను. సుజాత గారు బానెట్ మీద చెయ్యి వేశారు.

“కారు చప్పుడు చేయగానే మీ దగ్గరికి తెచ్చానండీ. పిల్ల అంతకుముందే మొదలుపెట్టి మూడు వారాల నుంచి చెప్తోంది. నమ్మకపోగా ఒక దెబ్బ కూడా వేశాను,” అన్నారు.

“నడపొచ్చని చెప్పింది నేను మేడమ్. తప్పు నాది,” అన్నాను.

మేఘన కారు తలుపు దగ్గరే నిలబడింది, ఎక్కడం లేదు. “అంకుల్, మళ్లీ తలనొప్పి వస్తుందా?”

రాదని నోటితో చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. నేనూ వెనక సీట్లో తన పక్కన కూర్చుని, అద్దాలు ఎత్తి, ఫ్లైఓవర్ మీదుగా తీసుకెళ్లమని వాళ్లమ్మకు చెప్పాను. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పాప నా చెయ్యి పట్టుకుంది. దిగేటప్పుడు వదిలేసి, కిటికీలోంచి బోర్డులు చదవడం మొదలుపెట్టింది. నాకు కళ్లు తడిశాయి.

అప్పటి నుంచి ఏ కారు వచ్చినా ముందు అందులో ఎవరెవరు తిరుగుతారో అడుగుతాను. రెండుసార్లు చూస్తాను. ఒకసారి అద్దాలు దించి నేను నడుపుతాను, చప్పుడు కోసం. రెండోసారి అద్దాలు ఎత్తి యజమానిని నడపమంటాను. నేను వెనక, పిల్లలు కూర్చునే చోట కూర్చుంటాను.