బర్రె ఒప్పుకుంటేనే అనంతగిరి

కిషన్‌బాగ్‌లో మా ఇల్లు మూసీకి దగ్గర. పెళ్లై వచ్చిన రోజు నుంచి దాని కంపు పీలుస్తూనే ఉన్నాను. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. ఆ తర్వాత ఒకరోజు మనవరాలి పుస్తకంలో, మూసీ అనంతగిరి కొండల్లో పుట్టిందని కూడబలుక్కొని చదివాను. పుట్టిన చోట అది ఎట్లా ఉంటుంది? ఎంత వెడల్పు? పిల్లలు ఒక్క దూకులో దాటగలరా? ఇంట్లో ఎవరినడిగినా తెలియదన్నారు.

అందుకే సెలవుల్లో పిల్లల్ని తీసుకొని రెండు రోజులు అనంతగిరి పోదామని కొడుకు అనగానే అందరికంటే ముందు నాకే ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం బర్రె గుర్తొచ్చింది. మాకున్నది ఒక్కటే. అది నా చేతికి తప్ప ఎవరికీ పాలు చేపదు. కోడలు కూర్చుంటే తన్నింది. పిండకుండా వదిలేస్తే పొదుగు గట్టిపడి జబ్బు చేస్తుంది. మీరు పోయి రండి, నేను రానన్నాను. మనవరాలు ఒప్పుకోలేదు. పోయి పక్కింటి భాయ్‌ని పిలుచుకొచ్చింది. ఆయన చిన్నప్పుడు వాళ్ల నాన్న దగ్గర పాలు పిండినవాడే.

భాయ్ కూర్చున్నాడు. దూడను విడిచినా చుక్క రాలేదు.

మా అత్త కాలంలో ఇట్లాంటప్పుడు, రోజూ పిండే మనిషి చీరను కొత్తగా పిండేవాళ్లు కట్టుకొని కూర్చునేవాళ్లు. గడ్డం పెంచిన మనిషికి ఆ మాట ఎట్లా చెప్పాలి? చెప్పేశాను. ఆయన నవ్వి, "గల్లీల మాత్రం ఎవ్వరికి చెప్పకు అక్కా," అన్నాడు. మర్యాద కోసం బీరువాలోంచి మడత నలగని చీర తెచ్చిచ్చాను. లుంగీ మీద చుట్టుకొని, కొంగు తల మీద వేసుకొని కూర్చున్నాడు. బర్రె ఒకసారి వాసన చూసి బకెట్‌ను తన్నింది.

"గిది నీ చీర కాదక్కా, బీరువా చీర. రోజు కట్టేది ఇయ్యి."

పేడ, కుడితి మరకలున్న చీర పరాయి మనిషికి ఎట్లా ఇస్తాం? నేను ఆలోచిస్తుండగానే, ఉతకడానికి మూలన వేసినదాన్ని మనవడు లాక్కొచ్చి ఇచ్చేశాడు. ఈసారి బర్రె చాలాసేపు మూచూసింది. నేను నోరు తెరవబోతే భాయ్ వాకిలి వైపు వేలు చూపించాడు.

"నీ గొంతు ఇంటే దీనికి మోసం తెలుస్తది. బయటికి నడువు."

గోడ అవతల చెవి ఆనించి నిలబడ్డాను. కాసేపటికి బకెట్ అడుగున ధార మోగింది. ఇన్నేళ్లు మేపితే, ఇది గుర్తుపట్టింది నా చీరనా, నన్నా? కోపమొచ్చింది. ఆ కోపంతోనే ఇంట్లోకి పోయాను.

పిల్లలు బండిలో ఎవరెక్కడ కూర్చోవాలో కాగితం మీద రాసుకుంటున్నారు. పెన్ను లాక్కొని కిటికీ పక్కన నా పేరు రాశాను. అక్కడ అప్పటికే మనవడి పేరుంది. ఉండనీ.