ఫ్యామిలీ హిస్టరీ గడిలో నేను రాసిన ‘లేదు’

ఎం.ఆర్.ఐ. టెక్నీషియన్ రఫీ భాయ్ నోరు మూయని మనిషి. మిషన్‌లో పడుకున్నవాళ్ళకు భయం వేయకుండా హెడ్‌ఫోన్‌లో ఏదో ఒకటి చెబుతూనే ఉంటాడు. ఆ రోజు మిషన్‌లో పడుకున్నది నేను. “ఏంది మేడం, రోజూ జనాన్ని నా మీదికి తోల్తవు, ఇయ్యాల నువ్వే దొరికినవ్” అని మొదటి పావుగంట ఆటపట్టిస్తూనే ఉన్నాడు. ఉన్నట్టుండి మాట ఆగిపోయింది. మిషన్ చప్పుడు మాత్రం వినిపిస్తోంది. కాసేపటికి, “ఒక్క సీక్వెన్స్ మళ్ళ తీస్త మేడం, మీరు కదిలిన్రు” అన్నాడు. నేను కదల్లేదు. అప్పటిదాకా నన్ను ‘నువ్వు’ అంటున్నవాడు ‘మీరు’ అనేసరికి నా గుండె జారింది.

ఒంట్లో ఏ నొప్పీ లేదు. తల తిరగలేదు, కళ్ళు మసకబారలేదు. జబ్బు మొదలైన రోజు ఏదని ఎవరైనా అడిగితే ఆ రోజే అని చెబుతాను.

నేను మిషన్‌లోకి ఎందుకు వెళ్ళానో చెప్పాలి. తుర్కపల్లిలో ఒక పరిశోధన సంస్థలో క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్‌గా తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. మెదడులోని రక్తనాళాల జబ్బుల మీద మా పని. డాక్టర్లు స్టడీ ఎలా జరగాలో నిర్ణయిస్తారు. పేషెంట్లను కూర్చోబెట్టి అంతా వివరించడం, సంతకాలు తీసుకోవడం, ఫారాలు నింపడం, నెలనెలా ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడగడం నా వంతు. అక్కడ టీకాల కంపెనీలు ఎక్కువ కాబట్టి, తుర్కపల్లి అనగానే మా చుట్టాలు నేను టీకాలు తయారుచేస్తానని అనుకుంటారు. కాదని చెప్పి చెప్పి అలసిపోయి, ఆ మధ్య ‘అవును, టీకాలే’ అనడం మొదలుపెట్టాను.

అప్పుడు జరుగుతున్న ఒక స్టడీలో జబ్బున్నవాళ్ళతో పాటు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ స్కాన్లు కూడా కావాలి. పోల్చి చూడటానికి. ముప్పై దాటిన ఆడవాళ్ళు ఒకరు తక్కువయ్యారు. అది మా పక్క టీమ్ స్టడీ కాబట్టి నేను చేరడానికి ఎథిక్స్ కమిటీ అనుమతి దొరికింది. ఫారం నేనే నింపుకున్నాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ‘కుటుంబంలో ఎవరికైనా మెదడులో రక్తస్రావం జరిగిందా?’ అన్న గడిలో ‘లేదు’ అని రాశాను. ఎవర్నీ అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

రెండో రోజు న్యూరో ఇంటర్వెన్షన్ డాక్టర్ మేడం పిలిచారు. తొడలోనో, మణికట్టులోనో ఉన్న రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి మెదడులోని నాళాలను బాగుచేసే డాక్టరామె. తొమ్మిదేళ్ళలో ఆమె ముందు వందసార్లు నిలబడి ఉంటాను, కూర్చున్నది మాత్రం అదే మొదటిసారి. “సరితా, అన్‌రప్చర్డ్ అన్యురిజం. యాంటీరియర్ కమ్యూనికేటింగ్ ఆర్టరీ మీద. చిట్లలేదు. ముందు ఆ మాట చెవిలో వేసుకో” అన్నారు.

వేసుకోలేదు. రక్తనాళం గోడ ఒకచోట పలచబడి బుడగలా ఉబ్బడమే అన్యురిజం. ఈ వాక్యాన్ని నేనే ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. “చాలామందిలో ఇది జీవితాంతం అలాగే ఉండిపోతుందమ్మా” అని తోడుగా ఇంకో వాక్యం కూడా చెప్పేదాన్ని. రెండో వాక్యం నా దాకా వచ్చేసరికి నాకే నమ్మకం కలగలేదు.

ఇక్కడ మా వృత్తివాళ్ళు మాత్రమే చేయగలిగిన తెలివితక్కువ పని ఒకటి చేశాను. రిపోర్టు వచ్చేదాకా ఆగలేక, కంప్యూటర్‌లో నా స్కాన్ నేనే తెరిచి, బుడగను నేనే కొలిచాను. తొమ్మిది మిల్లీమీటర్లు వచ్చింది. ఆ రెండు రోజులు నాకు తిండి ఎక్కలేదు. రిపోర్టులో ఆరు అని ఉంది. పక్కనున్న నాళాన్ని కూడా కలిపి కొలిచానట. డాక్టర్ మేడం నవ్వలేదు. “చూడటం నా పని, నీది కాదు. ఇంకోసారి తెరిస్తే నీ లాగిన్ తీసేయిస్తా” అన్నారు. తిట్టినా ప్రాణం లేచొచ్చింది.

రక్తనాళాల స్కాన్, సీటీ యాంజియో అయింది. ఆ తర్వాత డీఎస్ఏ చేయాలన్నారు. నాళంలోకి మందు పంపి లోపలంతా స్పష్టంగా చూసే పరీక్ష అది. దానికి పది రోజుల తర్వాత తేదీ ఇచ్చారు. ఆ పది రోజులూ నేను మనిషిలా బతకలేదు. దగ్గొస్తే ఆపుకుని చిన్నగా దగ్గేదాన్ని. నీళ్ళ టిన్ను ఎత్తలేదు. మేముండే మచ్చ బొల్లారం నుంచి కంపెనీ క్యాబ్‌లో వెళ్తుంటే స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ముందు సీటును గట్టిగా పట్టుకునేదాన్ని. మా ఆయన మహేశ్ అల్వాల్‌లో బైక్ మెకానిక్. “ఇంజిన్ల చిన్న చప్పుడు రాంగనే బండి పడగొడుతమా? చూసేటోళ్ళు చూస్తున్నరు గద” అని ధైర్యం చెప్పేవాడు. చెబుతూనే నేను స్నానానికి వెళ్తే తలుపు బయట నిలబడేవాడు. ఒకరి భయం ఒకరికి కనబడకూడదని ఇద్దరం మస్తు నటించాం.

అమ్మకు మాత్రం చెప్పలేదు. అమ్మ శామీర్‌పేటలో రోడ్డు పక్కన చేపలమ్ముతుంది. నాయిన చెరువులో వల వేస్తాడు. చెబితే అమ్మ గంప వదిలేసి వచ్చి నా మంచం పక్కన కూర్చుంటుందని నాకు తెలుసు.

డీఎస్ఏ ముందు డాక్టర్ మేడం మళ్ళీ అన్నీ అడిగారు. బీపీ, పొగాకు, కుటుంబం. “ఫ్యామిలీ హిస్టరీ లేదని రాశావు. అమ్మగారిని అడిగావా?” అన్నారు. నేను నేల చూపులు చూశాను. “అడిగి రా. ట్రీట్‌మెంట్ చేయాలా, ఏడాదికోసారి చూస్తూ ఉండాలా అన్నది కొంత దాని మీద కూడా ఆధారపడుతుంది” అన్నారు. ఈ మాట పేషెంట్లకు చెప్పడానికే నాకు జీతం ఇస్తున్నారు.

ఆదివారం శామీర్‌పేట వెళ్ళాను. మా ఇంట్లో ఉన్నట్టుండి పోయిన మనిషి అమ్మ తల్లి, మా అవ్వ ఒక్కతే. అమ్మ ఇంటి ముందు కూర్చుని చేపకు పొలుసు తీస్తోంది.

“అమ్మా, అవ్వ ఎట్ల పోయింది?”

“నీళ్ళల్ల పడి పోయింది. ఎన్నిసార్లు జెప్పాలె?”

“పడకముందు ఏమైంది?”

అమ్మ చెయ్యి ఆగింది. “గదంత ఇప్పుడెందుకు?”

ఇక దాచలేకపోయాను. చెప్పేశాను. ఏడవకుండా చెప్పాలనుకున్నాను గానీ సగంలోనే ఏడ్చేశాను. అమ్మ చేతులు కడుక్కోకుండానే వచ్చి నా తల పట్టుకుంది. నా జుట్టంతా చేపల వాసన. తర్వాత నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది.

“పొద్దుగాల ఇద్దరం చెరువు ఒడ్డున చేపలు ఏరుతున్నం. నువ్వప్పుడు రెండేండ్ల పిల్లవు, మీ నాయిన తాన ఉన్నవు. మా అమ్మ లేచి నిలవడ్డది. ‘నా తల పగుల్తున్నదే’ అని ఒక్క కేక వెట్టింది. రెండుసార్లు కక్కింది. నేను పట్టుకునే లోపల నీళ్ళల్ల పడ్డది. తీసేసరికే పానం లేదు.”

“మరి నాకు గిది ఎందుకు జెప్పలే?”

“ముందురోజు పెండ్లి ఉండె. అందరు కల్లు తాగిన్రు. ఈమె గుడ తాగి పడ్డదన్నరు. మా అమ్మ ఆ దినం సుక్క ముట్టలే బిడ్డా. ఎంతమందికి జెప్పినా ఒక్కలు ఇనలే. మీ నాయిన గుడ ఇనలే. సిగ్గయి, ఇగ జెప్పుడు బందువెట్టిన.”

నేను పుస్తకం తీసి ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకున్నాను. హఠాత్తుగా తల పగిలే నొప్పి, వాంతి, పడిపోవడం. మా ట్రైనింగ్‌లో మొదటి రోజు చెప్పే లక్షణాలవి.

డాక్టర్ మేడం ఆ కాగితం రెండుసార్లు చదివారు. “సబ్ అరక్నాయిడ్ హెమరేజ్ అయి ఉండొచ్చు. అప్పుడు స్కాన్ తీయలేదు కాబట్టి ఖాయంగా చెప్పలేను. కానీ ఇలాగే వస్తుంది” అన్నారు. అన్యురిజం చిట్లి మెదడు చుట్టూ రక్తం చేరడమే అది. కాగితం నా చేతికిచ్చి, “మీ అవ్వకు ఇలా జరిగింది, నీకు అన్యురిజం ఉంది. మీ ఇద్దరి మధ్య ఎవరున్నారు?” అన్నారు.

అమ్మ. ఆ క్షణం నుంచి నా బుడగను నేను మరిచిపోయాను. ఆమె తల్లికి, ఆమె కూతురికి ఇద్దరికీ ఉంటే మధ్యలో ఉన్న మనిషికి స్కాన్ తీయాలి.

అమ్మ ససేమిరా అంది. “నాకేం నొప్పున్నదని? ఉన్నదని తెలిస్తే నేను దినాం సచ్చుడే గద” అంది. దినాం చావడం ఎలా ఉంటుందో నాకు అప్పటికి బాగా అనుభవమైంది, అందుకే ఎదురు చెప్పలేకపోయాను. ఫోన్‌లో ఎందరినో ఒప్పించినదాన్ని, కన్నతల్లిని ఒప్పించలేకపోయాను. ఆమె గంప ఎత్తుకున్నదని తలచుకుంటే చాలు, ఫోన్ చేసి దించమనేదాన్ని.

డీఎస్ఏలో నా బుడగ పక్కన ఇంకో చిన్న మొలక కనిపించింది. ఆకారం సరిగ్గా లేదు, కుటుంబ చరిత్ర ఉంది, వయసు తక్కువ. కాయిలింగ్ చేద్దామన్నారు. తొడ దగ్గర నుంచి గొట్టం పంపి, బుడగలో సన్నని ప్లాటినం తీగ చుట్టలు నింపి, రక్తం లోపలికి పోకుండా చేస్తారు. ప్రొసీజర్‌లోనే ఏదైనా జరగొచ్చని చెప్పి సంతకం తీసుకున్నారు. ఆ ఫారం నాకు కంఠతా వచ్చు. అయినా ప్రతి అక్షరం చదివాను. ఎందరి చేతనో చదవకుండానే సంతకం పెట్టించానని అప్పుడు గుర్తొచ్చి సిగ్గేసింది.

కళ్ళు తెరిచేసరికి ఐసీయూలో ఉన్నాను. నర్సు చెయ్యెత్తమంటే ఎత్తాను, పేరు చెప్పమంటే చెప్పాను. అమ్మ మంచం చివర నిలబడి ఉంది. డాక్టర్ మేడం రాగానే ముందు నా సంగతి అడుగుతుందనుకున్నాను. అమ్మ వేరే మాట అడిగింది.

“మేడం, గిది కల్లు తాగితే వస్తదా?”

మేడం నా కాగితం చదివారు కాబట్టి ఆమెకు అర్థమైంది. “ఒక్క పూట కల్లుతో ఇది రాదమ్మా. మీరు చెప్పినదాన్ని బట్టి మీ అమ్మగారు తాగి పడినట్టు లేదు. తలలో నాళం చిట్లి పడినట్టుంది” అన్నారు.

అమ్మ ఐసీయూలోనే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. “మరి ఇన్నేండ్లు గట్లెందుకన్నరు?” అని మేడంనే అడిగింది. అమ్మ కళ్ళు తుడుచుకుని, “నా తల గుడ తియ్యిన్రి” అంది.

అమ్మకు కూడా ఉంది. మూడు మిల్లీమీటర్లు. ఇప్పటికి ముట్టుకోనక్కర్లేదు, బీపీ మాత్రలు తప్పకుండా వేసుకోవాలి, నోట్లో పొగాకు మానాలి, ఏడాదికోసారి స్కాన్ చేయించాలి అన్నారు. ఆ రిపోర్టు చూసి నాకు నాది చూసినప్పటికంటే ఎక్కువ ఏడుపొచ్చింది.

నా కథ ఆ తర్వాత కూడా సాఫీగా సాగలేదు. మళ్ళీ ఆఫీసుకు వెళ్ళిన మొదటి వారంలోనే, క్యాబ్ తూంకుంట దాటుతుండగా తల పట్టేసింది. నేను అరిచిన అరుపుకు డ్రైవర్ బండి వెనక్కి తిప్పాడు. క్యాబ్‌లో ఉన్న అందరూ నాతో పాటు ఎమర్జెన్సీకి వచ్చారు. సీటీ మామూలుగానే ఉంది. “ఇది భయం వల్ల వచ్చిన తలనొప్పి. నిజమైన నొప్పే, కానీ ప్రమాదం లేదు” అన్నారు డ్యూటీ డాక్టర్. ఇప్పటికీ నెలకోసారైనా అలా వస్తుంది. ప్రతిసారీ ఒళ్ళు చల్లబడుతుంది. ఆరు నెలల స్కాన్‌లో బుడగ పూర్తిగా మూసుకుపోయిందని వచ్చింది. భయం మాత్రం మూసుకుపోలేదు. అమ్మ ఫోన్ ఎత్తకపోతే మూడో రింగుకే మహేశ్‌ను పంపిస్తాను. మా పాపకు తొమ్మిదేళ్ళు. ఆమెకు ఇప్పుడేమీ అక్కర్లేదు, పెద్దయ్యాక చూద్దామన్నారు డాక్టర్ మేడం. ఆ ‘పెద్దయ్యాక’ను తలచుకోకుండా ఉండటం నేర్చుకుంటున్నాను.

ఉద్యోగం మానేద్దామనుకున్నాను. పేషెంట్ల స్కాన్లు చూడలేనేమోనని భయం. మానలేదు. ఇప్పుడు సంతకానికి తొందరపెట్టను. కుటుంబ చరిత్ర అడగడానికి పావుగంట తీసుకుంటాను. పని నెమ్మదిగా సాగుతోందని మొదట్లో మాటలు పడ్డాను. నేను అడిగే ప్రశ్నల వల్ల రెండు కుటుంబాల్లో పాత చావుల సంగతి బయటపడ్డాక, ఆ ప్రశ్నలను టీమ్ అంతా అడిగేలా రాసిమ్మన్నారు డాక్టర్ మేడం.

అమ్మ పొగాకు మానింది. చేపలు కొనడానికి వచ్చే పాత మనుషులను ఆపి మరీ, “మా అమ్మ తాగి పడలే, తలల నరం పగిలి పోయింది. డాక్టరమ్మనే జెప్పింది” అని చెబుతోంది. ఒకరిద్దరు తలూపుతారు, ఒకరిద్దరు తూకం చూసుకుని పోతారు. నాయిన మాత్రం ఆ మాట విన్న రోజు అన్నం ముట్టలేదు.

మీకు చెప్పదలచుకున్నది ఒక్కటే. మీ ఇంట్లో ఎవరైనా ఉన్నట్టుండి పోయి ఉంటే, దగ్గరున్నవాళ్ళను కూర్చోబెట్టి అడగండి. జబ్బు పేరు అడగొద్దు, వాళ్ళకు తెలియదు. ఆ పూట ఏం జరిగిందో అడగండి. ఎక్కడ నొప్పి అన్నారు, వాంతి అయిందా, ఎంతసేపట్లో పోయారు. ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద రాసి డాక్టరుకు ఇవ్వండి. మా అమ్మ దగ్గర ఈ జవాబులన్నీ ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నాయి. ప్రశ్నలడగడమే ఉద్యోగంగా ఉన్న కన్నకూతురు, ఆ పూట ఏం జరిగిందని ఒక్కసారీ అడగలేదు.