ఎడమ భుజం అరంగుళం

దర్జీకి ఆదివారం వస్తే మైదానంలో ఆడే కత్తియుద్ధాల ఆటలో తోడేళ్ల వంశపు వీరుడి వేషం. నిరుడు అక్కడే, అందరూ చెక్క కత్తులెత్తి నిలబడగా, మరో వీరుడితో అతనికి పెళ్లయింది. ఆటగా మొదలైన ఆ పెళ్లి ఎప్పుడో నిజమైపోయింది. కానీ వంశాచారం గట్టిది: ఆట బయటి అసలు పేరు చెప్పకూడదు, అడగకూడదు. దర్జీ మాట తప్పే మనిషి కాడు. అతని పెనిమిటి బూడిద తోడేలు, అంతే.

సోమవారం ఆ బూడిద తోడేలును బస్సు గుద్దిందనీ, పెద్దాసుపత్రిలో చేర్చారనీ కబురొచ్చింది. దర్జీ మెడలో టేపుతోనే పరుగెత్తాడు.

"పేషెంటు పేరు?" అడిగింది కౌంటరు అమ్మాయి.

"బూడిద తోడేలు అంటామమ్మా."

"ఇంట్లో ఏమంటారు?"

"ఇంట్లోనూ అదే."

వెనకనున్న పెద్దాయన విసుక్కున్నాడు. "త్వరగా తేల్చు నాయనా. నా పేరు నాకు గుర్తుంది."

"ఛాతీ నలభై," అన్నాడు దర్జీ ప్రాధేయపడుతూ. "ఎడమ భుజం అరంగుళం కిందికి ఉంటుంది. చూస్తే గుర్తుపడతాను."

ఆ అమ్మాయి నవ్వలేదు. "పేరు లేకుండా లోపలికి చీటీ రాయలేనండీ. కూర్చోండి."

అతను కూర్చున్నాడు. కాసేపటికి ఒక పెద్దావిడ ఏడుస్తూ వచ్చి, బస్సు గుద్దిన కొడుకు పేరు చెప్పింది. ఆమె ఎడమ భుజం కూడా అరంగుళం కిందికుంది. చీటీ తీసుకుని లోపలికెళ్లింది.

దర్జీ లేచి వెళ్లి, మొట్టమొదటిసారి ఆ పేరు పలికాడు.

"ఆయన చీటీ వాళ్లమ్మగారికి ఇచ్చేశానండీ," అంది అమ్మాయి. "పేషెంటుకి ఒక్కటే."